చేతులు కనబడాలి

సూరత్ రింగ్ రోడ్డు మీది చీరల మార్కెట్లన్నీ మూతపడ్డ ఏడాది, మా ఆఫీసుకు మాత్రం చేతినిండా పని దొరికింది. మాది చిన్న ఆఫీసు. టోకు వ్యాపారులకు వెబ్‌సైట్లు తయారుచేసి పెట్టేవాళ్ళం. అంతకుముందు శేఠ్‌లకు వెబ్‌సైట్ అంటే గోడకు తగిలించిన బోర్డులాంటిది. ఉంటే చాలు, ఎవరూ చూడకపోయినా ఫరవాలేదు. లాక్‌డౌన్ వచ్చాక హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ కొనేవాళ్ళు రైలెక్కి రావడం ఆగిపోయింది. బట్ట ఎలా జారుతుందో, జరీ వెలుతురుకు ఎలా మెరుస్తుందో ఫొటోలో తెలియదు. అందరికీ వీడియోలు కావలసివచ్చాయి.

ఆ పని నామీద పడింది. మాది వరంగల్ దగ్గర. మా ఆయన రైల్వేలో గూడ్స్ గార్డు. పెళ్ళయ్యాక ఉధ్నాలో రైల్వే క్వార్టర్స్‌కు వచ్చి, కంప్యూటర్ డిగ్రీని పెట్టెలో పెట్టుకుని కూర్చోవడం ఇష్టంలేక ఈ ఆఫీసులో చేరాను. వీడియోల సంగతి నాకూ కొత్తే. మొదట వెబ్‌సైట్ ఉన్న సర్వర్‌లోనే వాటినీ పెట్టేశాను. కొద్దిమంది ఒకేసారి తెరిచేసరికి చీర సగం విప్పుకుని అక్కడే ఆగిపోయేది. తరవాత ఒక పెద్ద కంపెనీ క్లౌడ్‌లో పెట్టాను. వీడియోలు హాయిగా ఆడాయి, కానీ చూసిన ప్రతిసారీ మీటరు తిరిగింది. మొదటి నెల బిల్లు చూసి మా యజమాని నీళ్ళు తాగి మళ్ళీ చూశాడు.

"బెన్, చీర అమ్మితే వచ్చేదానికన్నా చీర చూపిస్తే పోయేది ఎక్కువుంది," అన్నాడు. అక్కడ ఆడవాళ్ళను బెన్, అంటే అక్కా అనే పిలుస్తారు.

అప్పుడు పట్టుదలగా వెతికాను. ఫైళ్ళు దాచుకునే చోటు ఒకరి దగ్గర చవగ్గా దొరికింది. వాటిని జనానికి అందించే పని ఇంకొకరికి అప్పగించాను. వాళ్ళు ప్రతి వీడియోకూ నకళ్ళు తీసి పలు నగరాల్లో ఉంచుతారు. ఎవరు తెరిచినా దగ్గరలో ఉన్న నకలే వాళ్ళ ఫోన్‌కు వస్తుంది. వీడియోను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ పెద్ద సైజులో, చిన్న సైజులో సిద్ధంగా ఉంచితే, సిగ్నల్ ఎంత ఉంటే అంతకు తగ్గ ముక్కను ఫోనే ఎంచుకుంటుంది. ఇదంతా కలిపినా మా ఆఫీసు చాయ్ ఖర్చు దాటలేదు. ఆ విద్య నాకు చీరలు నేర్పాయి.

మా పాపకు అప్పుడు ఏడేళ్ళు. పుట్టుకతో వినబడదు. చెవి మిషను పెట్టుకుంటే తలుపు దబాలుమన్న చప్పుడు, రైలు కూత తెలుస్తాయి. మాట తెలియదు. ఒక ట్రస్టు నడిపే, వినబడని పిల్లల బడిలో చదివేది. ఆ బడికి ఒక నియమం. పిల్లలు టీచరు పెదవులు చూసి మాట పట్టుకోవాలి, నోటితో పలకాలి, సైగలు చేయకూడదు. ఇంట్లో కూడా చేయనివ్వద్దని మాకు మరీమరీ చెప్పేవారు. మేము తలూపి వచ్చేవాళ్ళం. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక నేనూ పాపా మా సొంత సైగలతో కడుపునిండా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. పిల్లతో మాట్లాడడానికి ఒకరి అనుమతి ఎందుకని నాకు మొదటినుంచీ ఉండేది.

లాక్‌డౌన్ వచ్చిన కొన్నాళ్ళకు బడి నుంచి పాఠాలు మొదలయ్యాయి. అవి వాయిస్ మెసేజిలు. డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒకటి మొత్తం విన్నాడు.

"ఏందిది? చెవులు వినబడని పిల్లలకు వాయిస్ పంపుడేంది?"

"మనం విని పిల్లకు చెప్పాల్నట."

"ఎట్ల చెప్పాలె? చేతులు ఊపొద్దంటరు గద."

ఆ బడిలో డ్రాయింగ్ టీచరుగా ఒకామె ఉండేది. ఆమెకూ వినబడదు. వినబడని పిల్లలకు చదువు చెప్పే డిప్లొమా చేసింది, లెక్కలూ సైన్సూ చెప్పగలదు. కానీ ఆమె చెప్పేది చేతులతో కాబట్టి క్లాసులు ఇవ్వకుండా బొమ్మలకు పరిమితం చేశారు. మధ్యాహ్నం బాక్సులు తెరిచే వేళ పిల్లలంతా ఆమె చుట్టూ చేరి సైగల భాష నేర్చుకునేవారు. కోపిష్టి మనిషి. మెసేజిలు హిందీలో పొట్టిపొట్టిగా, ఒక్క మర్యాద మాట కూడా లేకుండా పంపేది.

ఒకరోజు పొద్దున్నే మా పాపకు వీడియో కాల్ చేసింది. పాప ముఖం వెలిగిపోయింది. కానీ కాల్ ఆగి ఆగి వచ్చింది. మాట ఆగితే మిగిలిన మాటతో అర్థం చేసుకోవచ్చు. చెయ్యి గాలిలో ఆగిపోతే ఏం అర్థమవుతుంది? పాప ఫోన్‌ను తిప్పి తిప్పి చూసి ఏడుపుముఖం పెట్టింది. కాల్ కట్టయ్యాక నాకు టీచరు మెసేజి వచ్చింది. "పాఠాలు నేను చేసి పంపిస్తాను. ఆగకుండా పిల్లలకు చేరేటట్టు ఎక్కడ పెట్టాలి? నువ్వు కంప్యూటర్ మనిషివి కదా."

ఎవరైనా వీడియోలు ఉచితంగా పెట్టుకునే చోట్లున్నాయని రాశాను. ఆమెకు అది నచ్చలేదు. "నా చేతుల ముందు తలనూనె ప్రకటన వస్తుంది, నా తరవాత ఎవడో గంతులేస్తూ వస్తాడు, ఎవరో ఫిర్యాదు చేస్తే మొత్తం తీసేస్తారు, వద్దు," అంది. ఆలోచిస్తే నాకూ అదే సరి అనిపించింది. నా జీతంలోంచి, నా పేరుమీద ఒక చిన్న సైటు తీసుకున్నాను. చీరలకు ఏ ఏర్పాటు చేశానో పాఠాలకూ అదే చేశాను. లింకును పిల్లల తల్లిదండ్రులకు పంపాను.

మర్నాడు ఊరి చివర ఉన్ అనే పేట నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కరీంనగర్ వైపు మనిషి, మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆయన కొడుకు మా పాప బడిలోనే, రెండు తరగతులు పైన. బడి గేటు దగ్గర తెలుగు వినబడి పరిచయమయ్యాం.

"అక్కా, వీడియో మంచిగనే నడుస్తుంది. ఆగుతలేదు. గని వేళ్ళు కనవడ్తలేవు."

"అసలే కనబడ్తలేవా?"

"చెయ్యి కదిలినప్పుడు పొగ లెక్క అయితుంది. మా పోరడు రెండు మూడు సార్లు చూసి ఫోన్ పక్కకు వడేసిండు. జర చూడున్రి."

వాళ్ళ ఫోన్ పాతది, ఆ ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రం. అందుకని ఫోన్ చిన్న సైజు ముక్కలు తీసుకుంది. నేను ఆ చిన్న సైజును నా ఫోన్‌లో తెరిచి చూశాను. నిజమే. వీడియోను కుదించేటప్పుడు కంప్యూటర్ కదలని చోటును సులువుగా కుదిస్తుంది, వేగంగా కదిలేచోట వివరం వదిలేస్తుంది. చీర కొంగు ఎగిరేటప్పుడు కాస్త మసకబారినా ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ కదిలేవి వేళ్ళు. పాఠమంతా వాటిలోనే ఉంది.

వీడియో మొత్తం పెద్ద సైజులో పెడితే వాళ్ళ డేటా ఒక్క పాఠానికే అయిపోతుంది. కాబట్టి వేళ్ళకు తప్ప ఇంక దేనికీ డేటా ఖర్చు కాకుండా చూడాలనుకున్నాను. టీచరు వెనక పూల పరదా ఉంది. తీసేయమన్నాను. పైన ఫ్యాను నీడ గోడమీద తిరుగుతోంది. ఆపమన్నాను. ఆమె వేసుకున్న బట్టలో చుక్కలున్నాయి. సాదా బట్ట కావాలన్నాను. ఆమె విసుక్కుంది. "ఇది సూరత్. సాదా బట్ట ఎక్కడ దొరుకుతుంది?" అని రాసింది. చివరికి నల్లటి లైనింగ్ గుడ్డ సంపాదించి గోడకు కట్టింది, ముదురు నీలం కుర్తా తొడుక్కుని కిటికీ వెలుతురుకు ఎదురుగా నిలబడింది. నడుము పైనుంచి తలదాకా మాత్రమే కనబడేలా కత్తిరించాను. శబ్దాన్ని పూర్తిగా తీసేశాను. వీడియోలో ధ్వని కోసం పోయే డేటా కూడా వేళ్ళకే వెళ్ళింది.

ఈసారి ఉన్ నుంచి ఫోన్ రాలేదు. ఒక చిన్న వీడియో వచ్చింది. అందులో ఆ కొడుకు గోడకు ఆనుకుని, భాగహారం ఎలా చేయాలో చేతులతో వాళ్ళమ్మకు చెబుతున్నాడు. ఆమె ఏమీ అర్థంకాక నవ్వుతోంది. కింద తండ్రి వాయిస్. "అక్కా, మా ఆమెకు తెలుగు ఒక్కటే చదువొస్తది. కింద తెలుగుల రాస్తే ఆమె గూడ నేర్సుకుంటది." అక్షరాలకు డేటా పెద్దగా పట్టదు. ఆ వారం నుంచే ప్రతి పాఠానికీ గుజరాతీ, హిందీతో పాటు తెలుగు కూడా పెట్టాను.

లాక్‌డౌన్ సడలించాక మగ్గాలు సరిగా నడవక ఆయన సలాబత్‌పురాలో ఒక దుపట్టాల వ్యాపారి దగ్గర పార్సిళ్ళు ఎత్తే పనికి కుదిరాడు. అక్కడ దుకాణంలో వైఫై ఉంది. పాఠాన్ని ఫోన్‌లో దాచుకునే బటన్ ఒకటి ఉంటే ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తానన్నాడు. అదీ పెట్టాను. అలా ఆ సైటు, వాడేవాళ్ళు అడిగినకొద్దీ తయారైంది. లింకు ఎవరినుంచి ఎవరికి పోయిందో కానీ, ఊళ్ళ పేర్లు కూడా నేను వినని చోట్లనుంచి చూడడం మొదలుపెట్టారు. నకళ్ళు వాళ్ళకు దగ్గరి నగరాల్లో ఉన్నాయి కాబట్టి నా ఖర్చు పెద్దగా పెరగలేదు.

సంగతి బడివాళ్ళకు తెలిసింది. చలికాలంలో, వచ్చే ఏడాది ప్రవేశాల గురించి మాట్లాడాలని పిలిచారు. లోపలికి పెద్దవాళ్ళలో ఒక్కరినే రానిస్తామంటే మా ఆయన బండి దగ్గర ఉండిపోయాడు. నేనూ పాపా వెళ్ళాం. ప్రిన్సిపాల్ మేడం పక్కన ట్రస్టీ కూర్చున్నారు. ఇద్దరికీ మాస్కులు.

"మీరు చేస్తున్నది మా బడి పద్ధతికి విరుద్ధం," అన్నారు ట్రస్టీ. "చేతులు అలవాటైతే పిల్లలు నోరు తెరవరు. మేము కష్టపడి నేర్పిన మాటంతా పోతుంది."

"లాక్‌డౌన్‌లో మీరు పంపిన వాయిస్ ఏ పిల్లకు వినబడింది సర్?"

"అవి తల్లిదండ్రుల కోసం."

"మరి పిల్లల కోసం ఏం పంపారు?"

డ్రాయింగ్ టీచరును అప్పటికే మానిపించామన్నారు. బడికి సంబంధించిన పిల్లలకు ఆమె పాఠాలు చూపించకూడదన్నారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ పాప ఆయన ముఖంలోకే చూస్తోంది. పెద్దవాళ్ళ పెదవులు చూడాలని ఆ బడే దానికి నేర్పింది. చూసి చూసి నా మోచేయి తట్టి ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నారు ట్రస్టీ.

"మూతి కప్పుకుని నాతో ఏం మాట్లాడుతున్నారు అని అడుగుతోంది."

ఆయన చెయ్యి మాస్కు దగ్గరకు వెళ్ళింది. దాన్ని గడ్డం కిందికి లాగారు. కరోనా గుర్తొచ్చిందేమో మళ్ళీ పైకి సర్దుకున్నారు. ప్రిన్సిపాల్ మేడం బల్లకేసి చూస్తూ కూర్చుంది.

"సైటు మూసేస్తే వచ్చే ఏడాది సీటు ఉంటుంది," అన్నారాయన. "లేకపోతే మేమేం చేయలేం."

"అయితే సీటు మీ దగ్గరే ఉంచుకోండి. సైటు ఉంటుంది," అన్నాను. పాప చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను.

మా ఆయన బండి స్టాండు తీస్తూ అడిగాడు. "ఏమన్నరు?"

"సైట్ బంద్ చెయ్యాల్నట. లేకుంటే సీటు లేదట."

"నువ్వేమన్నవ్?"

"సీటు ఉంచుకోమన్న."

"మంచిగన్నవ్." బండి స్టార్ట్ చేశాడు. పాపను ముందు కూర్చోబెట్టుకుని కాసేపటికి అన్నాడు, "మరి బడి?"

"దేవులాడుదాం."

అంతటితో అయిపోలేదు. ఆ ట్రస్టీకి రింగ్ రోడ్డులో చీరల దుకాణం ఉంది. మా ఆఫీసుకు పని ఇచ్చేవాళ్ళలో అందరికంటే పెద్ద పార్టీ ఆయనే. రెండు రోజుల్లో మా యజమాని నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. చెడ్డవాడేం కాదు. లాక్‌డౌన్‌లో ఎవరి జీతమూ ఆపలేదు.

"బెన్, మీ వీడియోలతో నాకు గొడవ లేదు. కానీ ఆయన ఫోన్ చేశాడు. ఈ రోజుల్లో ఆ పార్టీ పోతే ఆఫీసు నిలవదు. వాటిని మన సర్వర్‌లోంచి తీసేయండి."

"అవి మన సర్వర్‌లో ఎప్పుడూ లేవు భాయ్. నా పేరుమీద ఉన్నాయి."

"ఆయనకు అదంతా అర్థం కాదు. నేనేం చెప్పాలి ఆయనకి?"

"నేనిక్కడ పనిచేయడం లేదని చెప్పండి."

ఆయన తొందరపడవద్దన్నాడు, ఇంటికెళ్ళి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించుకుంటే భయపడతానని నాకు తెలుసు. అక్కడే కూర్చుని రాజీనామా మెయిల్ పంపాను. నా బల్లమీది డబ్బా, దువ్వెన, ఛార్జరు సంచీలో వేసుకుని బయటికి వస్తే ఎండ చురుక్కుమంటోంది. ఆటో ఎక్కాక కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు విచారానికి కాదు. మా పిల్ల చేతులు కదిపితే ఒక చీరల శేఠ్‌కు ఏం నష్టమన్న కోపానికి.

ఇంట్లో కొన్నాళ్ళు ఇబ్బందిగానే గడిచింది. తరవాత ఉన్ ఆయన తన యజమానికి నా గురించి చెప్పాడట. ఆ దుపట్టాల వ్యాపారి ఫోన్ చేశాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వీధిలోనే మరొకరు. అందరూ చిన్నవాళ్ళు, పెద్ద కంపెనీ బిల్లులు భరించలేనివాళ్ళు. వాళ్ళ వీడియోలు ఇంటినుంచే చూసుకునేదాన్ని. దుపట్టాలు నా వంటింటిని నడిపాయి, వంటింట్లోంచి పాఠాల సైటు నడిచింది.

వేసవి మొదట్లో రెండో వేవ్ వచ్చింది. ఆసుపత్రుల్లో తోడుగా ఎవరినీ ఉండనివ్వడం లేదని తెలిసి, టీచరు ఒక చిన్న వీడియో చేసి పంపింది. ఇది పిల్లలకు కాదు, నర్సులకు. వినబడని మనిషి ఊపిరి ఆడడం లేదని ఎలా చెబుతాడు, నొప్పి అని ఎలా, నీళ్ళని ఎలా, ఇంటివాళ్ళకు చెప్పండి అని ఎలా. దాన్ని నేను మిగతావాటికంటే ఇంకా చిన్న సైజులో కూడా తయారుచేశాను. ఆసుపత్రి గోడల మధ్య సిగ్నల్ ఎంత ఉంటుందో తెలియదు కదా.

అది పెట్టిన కొద్ది రోజులకే టీచరుకు జబ్బు చేసింది. ఆమె అన్నయ్య అంబులెన్స్ దాకా వచ్చి ఆగిపోవలసివచ్చింది. వార్డులో అందరూ తెల్లటి సూట్లలో ఉన్నారు. ముఖాలు లేవు, పెదవులు లేవు. రాసి చూపిస్తే చదివే తీరిక ఎవరికీ లేదు. ఒకరోజంతా ఆమె నుంచి నాకు ఏ కబురూ లేదు. పాప పదేపదే ఫోన్ తెచ్చి నా ముందు పెట్టేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం మెసేజి వచ్చింది, ఎప్పటిలాగే పొట్టిగా. "వీడియో ఇక్కడ నడిచింది. సిస్టర్‌కు చూపించాను. ఆమె నేర్చుకుంది." సాయంత్రం ఇంకొకటి. "ఇప్పుడు ఆమె డ్యూటీ మారేటప్పుడు వచ్చే సిస్టర్‌కు నేర్పుతోంది. ఊపిరి సైగ తప్పుగా చేస్తున్నారు. నేను దిద్దుతున్నాను." ఆక్సిజన్ పెట్టుకుని పడుకుని కూడా తప్పులు దిద్దుతోందంటే బతుకుతుందని నాకు నమ్మకం కలిగింది. పాపకు చెప్పాను. అది మంచం మీదికెక్కి గంతులేసింది.

టీచరు ఇంటికొచ్చింది. బాగా చిక్కిపోయింది. కొద్దిసేపు చేతులు ఎత్తితే చాలు ఆయాసం. ఒక్కో పాఠాన్ని ముక్కలుగా చేసి, మధ్యలో కూర్చుని, మళ్ళీ లేచి పూర్తిచేసేది. కొన్నాళ్ళు మానేయమని రాస్తే నన్నే తిట్టింది. ఆ ముక్కల్ని అతుకు కనబడకుండా కలిపేదాన్ని.

పాపకు ఊరికి అటు చివర ఇంకో బడి దొరికింది. అక్కడ సైగలకు అడ్డులేదు. బస్సులో చాలా దూరం. అయినా పొద్దున్నే మమ్మల్ని అదే లేపుతుంది. ఉన్ ఆయన కూడా కొడుకును అక్కడే చేర్చాడు. వాళ్ళావిడ ఇప్పుడు కొడుకుతో చేతులతోనే పోట్లాడుతుందట.

మాస్కులు పోయి బడులన్నీ మామూలుగా నడుస్తున్న రోజుల్లో పాత బడి ప్రిన్సిపాల్ మేడం నాకు మెయిల్ రాసింది. మర్యాదగానే రాసింది. పిల్లలు మీ పాఠాలు అడుగుతున్నారు, మా క్లాసుల్లో చూపించుకోవచ్చా, ప్రతి వీడియో మొదట్లో మా ట్రస్టు పేరూ గుర్తూ వేయగలరా, అందుకు సహాయం కూడా చేస్తాం అని. టీచరు మా ఇంటికి వచ్చినప్పుడు చూపించాను. ఆమె చదివి ఫోన్ నా చేతిలో పెట్టేసి పాపతో గబగబా ఏదో చెప్పింది. వేగంగా చేస్తే నాకింకా అందదు. పాపను అడిగితే నిదానంగా చేసి చూపించింది. చూసుకోవడానికి ఎవర్నీ అడగక్కరలేదు, ట్రస్టు పేరు వేయడం మాత్రం కుదరదు.

అదే మాట మెయిల్లో రాశాను, ఒక్క అక్షరం మెత్తబరచకుండా. తిరిగి జవాబు రాలేదు. కానీ సైటును ఎక్కణ్ణుంచి తెరిచారో చెప్పే లెక్కలు చూస్తే, బడి వేళల్లో ఆ బడి ఉన్న వైపునుంచి పాఠాలు తెరుస్తూనే ఉన్నారు. టీచరుకు చెప్పాను. ఆమె భుజాలు ఎగరేసి, గోడకు నల్లగుడ్డ కట్టే పనిలో పడింది. ఆవేళ పాఠం భిన్నాలు.